హాప్ తోటకు నరసరావుపేట సలహాలు

అడగనిదే సలహా చెప్పకూడదని పెద్దలన్నారు. అడిగేవరకూ కూర్చుంటే ఈ వయసులో నా సలహాలు నాతోపాటే కాటికి పోతాయి. అందుకని రాసి పెడుతున్నాను.

ముందు నా అర్హత. నరసరావుపేటలో 32 ఏళ్లు ఎరువుల కొట్టు నడిపాను. యూరియా, డీఏపీ, పొటాష్, పురుగుమందులు, మిరప విత్తనాలు. రైతు తెగులు సోకిన ఆకును చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెడితే, ఆకు వంక చూడకుండానే రెండు సీసాలూ ఓ ప్యాకెట్టూ చేతిలో పెట్టి పంపిన అనుభవం నాది. ఆకును చూసేవాడు వ్యవసాయాధికారి. ముఖం చూసేవాడు వ్యాపారి. ముఖం చూస్తే ఆ ఇంటికి ఎంత మందు పడుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

కొట్టు మూసేశాక, మొన్న జూన్‌లో జర్మనీ వచ్చాను. మావాడు ఇంగోల్‌స్టాట్‌లో ఇంజినీరు. వీసా 90 రోజులు. మనవరాలు బడికీ, కొడుకూ కోడలూ ఆఫీసులకీ వెళ్లాక కిటికీలోంచి చూస్తే ఎవరూ ఎవరికీ సలహా చెప్పడం లేదు. దేశం అంత నిశ్శబ్దంగా ఉంది. ఆదివారం నాడు మావాడు మ్యూనిక్ వైపు కారులో తీసుకెళ్లాడు. దారిలో కొండవాలు మొత్తం 7 మీటర్ల ఎత్తు స్తంభాలు, వాటి మీద తీగల వల, నేల నుంచి ఆ వలకి కట్టిన ఇనుప తీగలు, వాటిని పట్టుకుని పాకుతున్న పచ్చటి మొక్కలు.

"ఏంట్రా ఇది, కరెంటు సబ్‌స్టేషన్‌కి సొరపాదు పాకించారా?" అన్నాను.

"హాప్ తోట నాన్నా. బీరుకి చేదూ వాసనా దీనివల్లే వస్తాయి."

ఆ ప్రాంతం పేరు హాల్లెర్టౌ. ప్రపంచంలోని అతి పెద్ద హాప్ సాగు ప్రాంతాల్లో ఒకటి, దాదాపు 17,000 హెక్టార్లు. ఆడ మొక్కలనే పెంచుతారు. దేవదారు కాయలా పొరలు పొరలుగా ఉండే దాని పువ్వును చిదిమితే లోపల పసుపుపచ్చటి పొడి. దాన్ని లుపులిన్ అంటారు. అందులో ఉండే ఆల్ఫా ఆమ్లాలదే బీరులోని చేదు. మోడు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. తీగ మాత్రం ప్రతి ఏడూ కొత్తగా పుట్టి, రోజుకి జాన మీద బెత్తెడు చొప్పున కూడా పెరిగి, శరత్తుకి పోతుంది.

కోడలు గుడ్లు కొనే ఆసామికే హాప్ తోట ఉంది. ఆయనకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు. మావాడు మధ్యవర్తి. నేను పది వాక్యాలు చెబితే మావాడు రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. అదేంట్రా అంటే, "జర్మన్ చాలా పొదుపైన భాష నాన్నా" అన్నాడు. ఆ పొదుపులో పోయిన మాటలన్నీ కింద పూర్తిగా ఇస్తున్నాను.

సలహా 1: మొక్కను చూడొద్దు, తేదీ చూడండి

సేద్యమంటే కార్తెలు. రోహిణి, మృగశిర, ఆరుద్ర. హాప్‌కీ కార్తెలున్నాయి. వసంతం మొదట్లో మోడు కోసి సరిచేస్తారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో లేత తీగల్ని ఇనుప తీగకు పట్టిస్తారు. జూన్ 21 ప్రాంతానికి అవి కొస అందుకోవాలి. పగటి పొద్దు తగ్గే వేళకి పూత. ఆగస్టు చివర కోత. పైగా ఈ తీగ ఎప్పుడూ ప్రదక్షిణంగానే చుట్టుకుంటుంది. అప్రదక్షిణంగా చుట్టి చూడండి, దానంతటదే విడిపోతుంది. ఇంత ఆచారం తెలిసిన మొక్క తేదీ తప్పుతుందా?

తప్పుతోందట. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో వచ్చిన అధ్యయనాన్ని మావాడు ఫోనులో చదివి వినిపించాడు. 1970 నుంచి 2018 లోపల ఐరోపాలో హాప్ పెరుగుదల మొదలయ్యే రోజు 13 రోజులు ముందుకి జరిగిందట. సూర్యుడు పాత పంచాంగమే పాటిస్తున్నాడు, వేడి మాత్రం కొత్త పంచాంగం రాసుకుంటోంది. పువ్వులో ఆల్ఫా చేరాల్సిన రోజులు చల్లబడే వేళ నుంచి మండే వేళలోకి వచ్చేశాయి. వేడికి ఆల్ఫా తగ్గుతుంది. ఇలాగే సాగితే 2050 నాటికి ఐరోపాలో సువాసన రకాల దిగుబడి 4 నుంచి 18 శాతం, ఆల్ఫా 20 నుంచి 31 శాతం పడిపోవచ్చని లెక్కగట్టారు.

మన ఆసామి ఇది నమ్మి, తేదీ చూడ్డం మానేసి, తీగ ఎంత ఎత్తుకు వచ్చిందో చూసి ఎరువూ, నేలలో పదును చూసి తడీ ఇస్తున్నాడు. ఇది చాలా శ్రమతో కూడిన పద్ధతి. రోజూ తోటకి పోవాలి. నా పద్ధతిలో గోడకి క్యాలెండర్ ఉంటే చాలు. ఆ క్యాలెండర్ కూడా కొట్టు పేరు అచ్చు వేయించి నేనే ఉచితంగా ఇచ్చేవాణ్ణి.

సలహా 2: మట్టి పరీక్ష చేయించడం అంటే నేలతల్లిని అనుమానించడం

ఇక్కడ వసంతంలో ఎరువు వేసే ముందు పొడవాటి ఇనుప గొట్టం దింపి 90 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీస్తారు. చలికాలం దాటుకుని నేలలో ఎంత నత్రజని మిగిలి ఉందో పరీక్ష చేయిస్తారు. పంటకి కావలసిన లెక్కలోంచి అది తీసేసి, మిగిలిందే వేస్తారు.

ఇది మర్యాదేనా? చుట్టం ఇంటికి వస్తే "మీరు దారిలో ఏమన్నా తిన్నారా? ఎన్ని ఇడ్లీలు?" అని అడిగి, ఆ ఇడ్లీలు తీసేసి వడ్డిస్తామా? విస్తరి నిండా వడ్డించాలి. తినలేనిది వదిలేస్తాడు.

హాప్ వదిలేసిన నత్రజని నైట్రేటుగా మారి వానతో కిందికి దిగి ఊరి మంచినీళ్లలో కలుస్తుందని ఆసామి అన్నాడు. ఇక్కడ తాగే నీళ్లలో లీటరుకి 50 మిల్లీగ్రాముల నైట్రేటు మించకూడదు. భూగర్భజలాల్లో మించిపోతున్నా సరైన చర్య తీసుకోలేదని 2018లో యూరోపియన్ న్యాయస్థానం జర్మనీనే తప్పుపట్టింది. తర్వాత రూలు బిగించారు. మ్యాపులో ఎర్రగా గుర్తుపెట్టిన ప్రాంతాల్లో అవసరానికన్నా 20 శాతం తక్కువే నత్రజని వేయాలన్నారు. అవసరానికన్నా తక్కువ! నా చెవులు నేనే నమ్మలేకపోయాను. మా దగ్గర అవసరం అనేది మొదలు, చివర కాదు.

మా ప్రభుత్వమూ ఒక తెలివి చేసింది. రైతు కిలోల్లో కాక కట్టల్లో లెక్కపెడతాడు గనక, 2018లో యూరియా కట్టను 50 కిలోల నుంచి 45కి తగ్గించింది. కట్టల సంఖ్య మారదు, వాడకం తగ్గుతుందని ఆశ. మా రైతులు కట్ట ఎత్తి చూసి, "తేలిగ్గా ఉందేంటి బాబాయ్, ఇంకోటి ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. 266 రూపాయల 50 పైసల సరుకుకి కాదనడం ఏం మర్యాద?

సలహా 3: పచ్చగా ఉంటే బాగున్నట్టే, ఇంకా పచ్చగా ఉంటే ఇంకా బాగున్నట్టు

ఆకు రంగు చూసి పక్క పొలం వాడు కుళ్లుకోవాలి. దీనికి యూరియాని మించింది లేదు. దుక్కిలో కొంత, పైపాటుగా కొంత, పూత ముందు కొంత, పూత తర్వాత గుర్తొచ్చినప్పుడల్లా కొంత.

హాప్ నత్రజనిని మే చివర నుంచి జులై మధ్య దాకా ఆబగా తింటుంది. తీగ పైకి ఉరికే రోజులవి. జులై దాటాక దాని ఆకలి తీరిపోతుంది. అప్పుడు వేస్తే ఆకు పెరుగుతుంది, పక్వం ఆలస్యమవుతుంది, పువ్వులో నైట్రేటు పెరుగుతుంది. లేత ఆకు ఎక్కువైతే ఎర్రనల్లికి పండగ, ఎండ దానికి తోడు. నేలలో వెర్టిసిలియం వడలు తెగులు ఉన్న చోట నత్రజని ఎక్కువైతే అది ఇంకా రెచ్చిపోతుంది. ఇవన్నీ ఆసామి మాటలు. నాకు మాత్రం ఇందులో ఎక్కడా నష్టం కనిపించలేదు. ఎరువు అమ్మాక మందు అమ్ముడుపోతుంది. కొట్టు అన్నాక రెండు అరలూ నడవాలి. 2021లో పల్నాడు మిరప మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడు మందుల కోసం నా కొట్టు ముందు వరస కట్టారు. అంతకుముందు ఆ వరస యూరియా కోసం ఉండేది. మనుషులు మాత్రం వాళ్లే.

ఇక్కడ వాతావరణం గొడవ ఒకటి వచ్చిపడింది. గుళిక ఎరువు చల్లాక వాన పడాలి, కరగాలి, వేరుకి అందాలి. ఇదివరకు మే, జూన్ వానలు ఆ పని చేసేవి. ఇప్పుడు కొన్నేళ్లు బెట్ట పడుతోంది. గుళిక పొడి నేల మీద పడి ఉంటుంది. యూరియా అయితే ఎండకి అమ్మోనియాగా గాలిలోకీ పోతుంది. మిగిలింది, కోత అయ్యాక శరత్తు వానలకి కరిగి, తినేవాడు లేక కిందికి దిగిపోతుంది. అంటే భోజనానికి వచ్చిన చుట్టం బండెక్కి వెళ్లిపోయాక వడ్డన మొదలవుతుందన్నమాట.

దీనికి ఆసామి చేసిన ఏర్పాటు చూశాను. ఎరువులో కొంత మాత్రమే గుళికగా వేస్తాడు. మిగతాది డ్రిప్పు నీళ్లలో కరిగించి, మొక్క తినే వారాల్లో విడతలు విడతలుగా పంపుతాడు. నేను నవ్వాను. అన్నం ముద్దలు చేసి చంటిపిల్లకి పెట్టినట్టు పంటకి పెడతారా? ఇదే పద్ధతి మావాళ్లు పాటించి ఉంటే నేను మావాణ్ణి ఇంజినీరింగ్ చదివించగలిగేవాణ్ణి కాదు.

సలహా 4: తడి అంటే పారాలి

డ్రిప్పు చూస్తే నాకు ఆసుపత్రి గుర్తొస్తుంది. చుక్క చుక్క సెలైన్. మొక్కకి ఏం జబ్బు చేసిందని ఎక్కిస్తున్నారు? నీళ్లంటే కాలువలో గలగలమని రావాలి, బోదెల మధ్య మడమ లోతు నిలవాలి. లేదంటే పైనుంచి ఫిరంగిలా చిమ్మే స్ప్రింక్లరు పెట్టండి. ఆకులన్నీ తడిసి మెరుస్తుంటే ఫొటోకి బాగుంటుంది.

ఆకు తడిగా ఉండే గంటలు పెరిగితే బూజు తెగులు వస్తుందని ఆసామి గొణిగాడు. 1920ల్లో ఆ తెగులు వచ్చి హాల్లెర్టౌను తుడిచిపెట్టినంత పని చేస్తే, 1926లో ఇక్కడి హుల్ అనే చిన్న ఊళ్లో హాప్ పరిశోధన మొదలుపెట్టారట. అంటే ఒక్క తెగులు వల్ల ఒక పరిశోధన కేంద్రం వచ్చింది. ఇంకో రెండు తెగుళ్లు వస్తే విశ్వవిద్యాలయమే వస్తుంది కదా! అభివృద్ధిని అడ్డుకోకూడదు.

నీళ్లు నిలిస్తే మోడుకి గాలి ఆడక కుళ్లుతుందంటారు. రోజూ పైపైన తడిపితే వేరు పైనే తిరుగుతుందంటారు. లేకపోతే రెండు మీటర్లకు పైగా లోతుకు పోగల వేరు ఇది. ఎందుకు పోవాలి? పిల్లల్ని కష్టపడనివ్వకుండా పెంచడం మన పద్ధతి. రెండు వారాలు వడగాలి వీస్తే ఆ గారాబపు వేరు తట్టుకోలేదన్నది నిజమే. కానీ అప్పుడు ఇంకో తడి ఇవ్వొచ్చు.

ఎప్పుడు ఇవ్వాలంటే, కరెంటు ఉన్నప్పుడు. మా ఊళ్లో మోటారుకి ఆటో స్టార్టరు బిగించి పడుకుంటాం. రాత్రి రెండింటికి కరెంటు వస్తే దానంతటదే తిరుగుతుంది, పోతే ఆగుతుంది. మొక్కకి దాహం వేసిందా లేదా అన్నది డిస్కమ్ చూసుకుంటుంది. ఈ ఆసామి నేలలో తేమ కొలిచే సెన్సర్లు పాతాడు. సెన్సరు చెబితే నీళ్లు. మనిషి మాట విననివాడు ఇనుప పుల్ల మాట వింటున్నాడు.

సలహా 5: నీళ్లు ఎక్కడివని అడగొద్దు

అడిగితే నిద్ర పట్టదు.

హాల్లెర్టౌలో ఎక్కువ తోటలు ఇప్పటికీ వాన మీదే. ఏడాదికి 800 మిల్లీమీటర్ల దాకా పడే చోటు. ఇన్నాళ్లూ నడిచింది. 2022లో వేసవంతా వానలు మొహం చాటేసేసరికి జర్మనీ హాప్ పంట అంతకుముందు ఏడాది ఉన్న 48 వేల టన్నుల దగ్గర నుంచి 34 వేల టన్నుల దగ్గరికి వచ్చింది. పక్కనున్న చెక్ దేశంలో అయితే సగానికి దగ్గరగా పడిపోయింది. అక్కడి జాతెత్స్ ప్రాంతం కొండల చాటున ఉంటుంది, మంచి ఏడాదే 450 మిల్లీమీటర్లు. అందరూ ఇప్పుడు బావులూ చెరువులూ డ్రిప్పులూ అంటున్నారు. ఇక్కడ నేల కింది నీళ్లు తోడాలంటే అనుమతి కావాలి. మాకూ 2002లో వాల్టా చట్టం వచ్చింది, అందులోనూ అనుమతి ఉంది. తేడా ఏంటంటే ఇక్కడ అనుమతి వచ్చాక బోరు వేస్తారు. మేం నీళ్లు పడ్డాక అనుమతి గురించి ఆలోచిస్తాం. పడకపోతే అనుమతి దండగే కదా.

నీటిపారుదలే పరిష్కారమనేవాళ్లకి యాకిమా చూపిస్తాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం. సియాటెల్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడి సంగతంతా ఫోనులో చెప్పాడు. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడే ఎడారి లోయ అది. అమెరికా హాప్‌లో సింహభాగం ఆ రాష్ట్రానిదే. మొత్తం పారించి పండించిందే. పంటకాలంలో 700 మిల్లీమీటర్ల పైచిలుకు నీళ్లు కావాలి. అవి కాస్కేడ్ కొండల మీద చలికాలం పేరుకున్న మంచు కరిగి వస్తాయి. జలాశయాలకన్నా పెద్ద జలాశయం ఆ మంచే. 2015లో చలికాలం వెచ్చగా వచ్చింది. మంచుగా పడాల్సింది వానగా పడి, అప్పుడే పారిపోయింది. వేసవికి కొండ బోడి. 1905కి ముందు హక్కు ఉన్నవాళ్లకి నీళ్లు అందాయి, తర్వాతి వాళ్లకి 47 శాతమే దక్కింది. డ్రిప్పు ఉంది, పైపులున్నాయి, సెన్సర్లున్నాయి. సాగర్ కుడి కాలువ చివరి రైతు మొహమే అక్కడి రైతు మొహం కూడా. ఆ మొహాన్ని నేను కొట్టు బల్ల వెనక నుంచి చాలాసార్లు చూశాను. కాబట్టి నీళ్లు ఎక్కడివని అడగొద్దు. కుళాయి ఉందా లేదా చూసుకోండి.

సలహా 6: తాత నాటిందే నాటండి

చెక్ దేశపు జాతెత్స్‌లో పండే సాజ్ రకానికి శతాబ్దాల పేరు. 2023లో ఆ హాప్ తోటల్నీ ఊరినీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఎండకి ముందు లొంగేది ఇలాంటి పాత సువాసన రకాలే. హుల్ వాళ్లు వేడినీ నీటి ఎద్దడినీ తట్టుకుని, తక్కువ నత్రజనితో సర్దుకునే కొత్త రకాలు తయారుచేస్తున్నారు. టాంగో అని ఒకటి. బీరు చేసేవాళ్లు మాత్రం పాత వాసనే కావాలని పట్టుబడతారట. ఈ ఒక్క విషయంలో నేను బీరు కంపెనీల పక్షం. రకం మార్చే ఖర్చు రైతుది, వాసన మారితే తలనొప్పి కంపెనీది. కాబట్టి ఎవరూ ఏమీ మార్చకుండా ఉంటే ఎరువుల కొట్టు అయినా బతుకుతుంది.

సలహా 7: తోట వాకిలిలా ఉండాలి

హాప్ వరసల మధ్య మూడు మీటర్ల పైన జాగా ఉంటుంది. ఆ జాగా ఊడ్చి కల్లాపి చల్లినట్టు ఉండాలి. గడ్డి పరక కనిపిస్తే పరువు పోతుంది. ఈ ఆసామి ఆ జాగాలో కావాలని రై, ఆవాల జాతి మొక్కలు చల్లుతాడు. కోత తర్వాత నేలలో మిగిలిన నత్రజనిని అవి పీల్చి, చలికాలమంతా దాచిపెట్టి, వసంతంలో నలిపి కలిపేస్తే తిరిగి హాప్‌కి ఇస్తాయట. కొండవాలు మీద ఒక్క గంటలో కుంభవృష్టి పడితే పైమట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటాయట. నేల మీద నీడ పరిచి తేమ నిలుపుతాయట.

మా వైపు దీన్ని పచ్చిరొట్ట అంటారు. జీలుగ, జనుము, పిల్లిపెసర. సబ్సిడీ మీద విత్తనాలు వచ్చేవి. మా నాన్న చల్లేవాడు. నేను కొట్టు పెట్టాక మానిపించాను. ఇంట్లో ఎరువుల గోదాము పెట్టుకుని పొలంలో జనుము చల్లితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

సలహా 8: తూకమే మోక్షం

కోతకి వారం ముందు బాగా నీళ్లు పెట్టండి, పువ్వు బరువెక్కుతుంది. పచ్చి పువ్వులో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. దాన్ని భట్టీలో వేడిగాలికి ఆరబెట్టి 10 శాతం తేమకు తెస్తారు. మీరు పోసిన నీళ్లని మీ డబ్బుతో కొన్న చమురు కాల్చి మళ్లీ గాలిలో కలుపుతారు. ప్రకృతి చక్రం అంటే ఇదే.

కొనేవాడు తూకంతో పాటు ఆల్ఫా శాతం అడుగుతాడు. ఆల్ఫా తగ్గితే అంతే చేదుకి ఎక్కువ హాప్ వేయాలి గనక ఒప్పుకోడు. గుంటూరు మిర్చి యార్డులోనూ అంతే. బస్తాలో చెయ్యి పెట్టి రంగు చూస్తారు, విరిచి ఘాటు చూస్తారు, తాలు కాయ ఏరి పక్కన పెడతారు. 32 ఏళ్లలో నేను అమ్మిన ఏ కట్ట మీదా ఘాటు అనే మాట రాసి లేదు. రాయనిదాని గురించి ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు.

పాఠకుల ప్రశ్నలు (నేనే అడిగి, నేనే చెప్పినవి)

ప్ర: రెండు రోజుల్లో భారీ వాన ఉందంటున్నారు. ఎరువు వేయాలా, ఆగాలా?
జ: ఎల్లుండి ఆదివారం, కొట్టు ఉండదు. ఇవాళే వేయండి.

ప్ర: జింకు, బోరాన్ వేయాలా?
జ: సున్నం ఎక్కువున్న నేలల్లో హాప్‌కి ఈ రెండూ నిజంగానే తక్కువ పడతాయి. ఆకు పరీక్ష చేయించి వేస్తారట. మా దగ్గర యూరియా కావాలంటే ఆ ప్యాకెట్టు తీసుకోవాల్సిందే. లింకు సరుకు అంటారు. పరీక్ష ఖర్చు లేదు.

ప్ర: హాప్ పందిళ్ల మీద సోలార్ పలకలు పెడుతున్నారట?
జ: హాల్లెర్టౌలోనే ఒకచోట పెట్టారు. కింద నీడ, పైన కరెంటు. కరెంటు ఎప్పుడు వస్తుందో ముందే తెలిసే సేద్యంలో మజా ఏముంది?

ప్ర: హైదరాబాదులో పెరట్లో హాప్ వేయొచ్చా?
జ: తప్పకుండా. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు. దీనికి చలికాలపు నిద్రా, వేసవిలో పొడుగాటి పగలూ కావాలి. హాల్లెర్టౌలో జూన్ పగలు 16 గంటలు, హైదరాబాదులో 13 గంటల పైన కొంచెం. మొక్క పెరగకపోతే యూరియా వేయండి. పగలు పెరగకపోతే ఇంకో కట్ట వేయండి.

చివరి మాట

వీసా అయిపోయే ముందు వారం కోత చూశాను. తీగల్ని ఇనుప తీగతో సహా కిందికి లాగి, ట్రాక్టరు మీద వేసి, ఇంటి ముందున్న యంత్రానికి వేలాడదీస్తే పువ్వులు ఒకవైపు, ఆకులు ఒకవైపు రాలుతున్నాయి. ఊరంతా ఘాటు వాసన. ఆసామి చేతులు నల్లగా జిగురు పట్టి ఉన్నాయి. ఇదే సమయమని నా ఎనిమిది సలహాలూ వరసగా చెప్పించాను. మావాడు మామూలుగానే పొదుపు చేశాడు. ఆసామి అన్నీ విన్నాడు, నవ్వలేదు, కాదనలేదు. చేతులు తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీ పొలంలో మట్టి పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు చేయించారు అంటున్నాడు నాన్నా."

నాకు ఉత్సాహం వచ్చింది. మా నాలుగెకరాల సంగతి మొదటి నుంచీ చెప్పాను. నాన్న చేతుల్లో ఉన్నప్పుడు చేతికి అందే మట్టంలో ఉన్న బావి నీళ్లు, నేను వేయించిన మొదటి బోరు 180 అడుగులు, రెండోది 340, నాలుగోది 700, దాన్లో దుమ్ము వచ్చిన సంగతి. మిరప ఎంత పచ్చగా ఉండేదో, పక్క పొలాల వాళ్లు ఎలా చూసేవాళ్లో. ఇప్పుడు వేసవిలో నేల తెల్లగా పొరలు కట్టి కనిపిస్తోందని కౌలుదారు చెప్పిన సంగతి, ఈ ఏడు తనకి కౌలు వద్దని ఫోను చేసిన సంగతి. అయినా ఆ మట్టి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసని, నా పొలానికి ఒకడు పరీక్ష పెట్టి నాకు చెప్పాల్సిన అవసరం లేదని. ఐదు నిమిషాలు మాట్లాడి ఉంటాను.

మావాడు ఆయన వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు. ఆయన తల ఊపి, యంత్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఏమన్నావురా అంత చిన్నగా?"

"'ఎప్పుడూ లేదు' అన్నాను నాన్నా."